రిజిస్టరుకెక్కని రాళ్ళు

దేవ్లా రన్‌వే అంచున చెప్పులు విప్పుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇంతే. కొత్తగా చూసినవాళ్ళు అది భక్తి అనుకుంటారు. భద్రాచలం దారిలో ఉన్న నేల గదా, ఏ రాముడి పాదం పడిందో అని ఒక లారీ డ్రైవరు తన చెప్పులు కూడా విప్పి దండం పెట్టుకున్నాడు. దేవ్లా కాదనలేదు. పైగా, సీతమ్మ తల్లి పర్ణశాలలో ఆరేసిన చీర గాలికి ఎగిరొచ్చి ఇక్కడ పడిందని, ఈ నల్లచార దాని అంచేనని చెప్పి పంపించాడు. అసలు సంగతి వేరు. కంటికి దొరకని గులకరాయి అరికాలికి దొరుకుతుంది. తారు కింద ఎక్కడ గుల్లబారిందో, ఎక్కడ పొర లేవబోతోందో కూడా ముందు కాలికే తెలుస్తుంది.

ములకలపల్లి దాటి అడవి చిక్కబడే చోట, ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ పెద్దల విమానం దిగడానికి ఎప్పుడో వేసుకున్న రన్‌వే అది. పదమూడు వందల మీటర్ల పొడవు. నెలకు రెండుసార్లు ఒక చిన్న విమానం వచ్చి పోయేది. విమానం రోజూ రాదు గానీ ఎండ రోజూ వస్తుంది, వాన తన కాలానికి వస్తుంది. ఎండకు తారు పగులుతుంది. పగులులో గడ్డి మొలుస్తుంది. గడ్డి వేరు పగులును వెడల్పు చేస్తుంది. ఆ పని చూసుకోవడానికి మొదట ఏడుగురుండేవారు. 2007 వానాకాలం వచ్చేసరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పక్క తండా మనిషి దేవ్లా. రెండోవాడు ఇల్లందు నుంచి వచ్చి స్థిరపడిన మహబూబ్ అలీ. తారు కాచడం, తెల్లగీతలు దిద్దడం అలీ పని. తక్కినదంతా దేవ్లా పని. ఇద్దరూ రోజుకూలీలే.

ఆ సోమవారం పొద్దున కూడా దేవ్లా భుజానికి గోనెసంచి తగిలించుకుని, ఎడమ సగం మీదుగా పడమటి కొస దాకా నడిచాడు. వంగడం, ఏరడం, సంచిలో వేసుకోవడం. తిరిగి వచ్చేటప్పుడు కుడి సగం. ఒక చోట తీతువు పిట్ట రెక్కలు కొట్టుకుంటూ అతని నెత్తి మీద అరిచింది. రన్‌వే పక్క కంకరలో అది మూడు గుడ్లు పెట్టుకుంది.

"ఆగవే తల్లీ, నీ గుడ్లు నాకెందుకు" అని పక్కకు తప్పుకున్నాడు. ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకుంటుందట ఆ పిట్ట. విమానాలు వస్తాయని దానికి మన తాతలకంటే ముందే తెలుసునని దేవ్లా అంటాడు.

జీపు వచ్చేసరికి అతను మధ్యలో గొంతుక్కూర్చుని, కొడవలి కొనతో పగులులోంచి గడ్డి వేరు లాగుతున్నాడు. వేరు తెగకుండా రావాలి. తెగితే వారానికి మళ్ళీ మొలుస్తుంది.

దిగినవాడి పేరు మురహరి. ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయి. రన్‌వేను కొత్త కంపెనీ ఒకటి తీసుకుంది. రెండింతలు పొడిగిస్తారట, యాభై మంది కూర్చునే విమానాలు దిగుతాయట, బస్సుకు అమ్మినట్టు టికెట్లు అమ్ముతారట. పాతవాళ్ళలో ఎవరు అవసరమో చూసి బుధవారం సాయంత్రానికి రిపోర్టు పంపమని ఇతన్ని పంపారు. అవసరమన్నవాళ్ళకు పర్మనెంటు ఆర్డరు వస్తుంది. తక్కినవాళ్ళు ఇంటికి.

షెడ్డులో కుర్చీ దులిపి వేశాడు అలీ. దేవ్లా రేకు పెట్టెలోంచి పాత రిజిస్టర్లన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. రోజూ పొద్దుగూకే వేళ రన్‌వే ఎలా ఉందో రాసే రిజిస్టర్లు. అయిదో తరగతి చదువు అతనిది. అయినా అక్షరాలు గుండ్రంగా, గీత దాటకుండా ఉంటాయి.

మురహరి ఒక పేజీ చూశాడు. ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత ఇంకో పుస్తకం నడిమికి తెరిచాడు.

"అన్ని రోజులూ ఇదేనా రాసింది? 'అంతా బాగున్నది'?"

"అవ్ సారూ."

"పంతొమ్మిదేళ్ళలో ఒక్క గుంట కూడా పడలేదా?"

"పడకేంది సారూ, మస్తు పడ్డయి. పొద్దుగూకేలోపు పూడ్సినం."

"మరి రాయలేదేం?"

దేవ్లా అలీ వంక చూశాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు. "పూడ్సినంక ఏం రాస్తం సారూ? గుంట లేదు గదా."

మొదటి ఓవర్సీరు నేర్పిన పద్ధతి అది. మానిన పుండు రాయొద్దు, మిగిలిన పుండే రాయి అన్నాడాయన. పైలట్ ముందు రిజిస్టరు అడుగుతాడు, గుంట అని ఉంటే దిగడానికి జంకుతాడు, మన దొర కిందా మీదా అవుతాడు అన్నాడు. ఓవర్సీరు పోయాడు గానీ పద్ధతి పోలేదు. పుండు మిగలకుండా చేయడమే దేవ్లాకు పంతమైంది.

"ఏ పనీ కనపడటం లేదు ఇందులో" అన్నాడు మురహరి. "రోజంతా ఏం చేస్తారు మీరు?"

అలా అడిగితే దేవ్లా ఊరుకునే మనిషి కాదు. తండాలో అతని మాటకు ఒక లెక్క ఉంది. సగం కొట్టెయ్యాలి, మిగిలినదాన్ని ఒక రాత్రి నానబెట్టి పొద్దున నమ్మాలి.

"ఒక్క పని జెప్పమంటవా సారూ? ఓ ఎండాకాలం ఇప్పపువ్వు దిన్న ఎలుగుబంటి ఒకటొచ్చి, అగో ఆ కొసకు తొమ్మిది అంకె రాసుంది సూడు, ఆ గుండ్రంల ముడుసుకొని పండింది. గురక. పైన ఇమానం గిర్రున తిరుగుతంది. లేపితే లేస్తదా, నిషా మీదుంది. ఇగ నా గొంగడి దాని మీద గప్పి, చెవి వట్టుకొని, పెండ్లికొడుకును నడిపిచ్చినట్టు అడివి దాక నడిపిచ్చిన. పోయేటప్పుడు గొంగడి గూడ తీస్కపోయింది."

మురహరి గట్టిగానే నవ్వాడు. అలీ నవ్వలేదు. ఆ కథ ఏ వేసవిలో ఎక్కడ పుట్టిందో అతనికి తెలుసు.

నవ్వు చూసి దేవ్లాకు హుషారు వచ్చింది. "నిరుడు గోదారి వచ్చినప్పుడు మందుల ఇమానం దిగాలె. మా తూముల దుంగ అడ్డం వడి నీళ్ళు రన్‌వే మీదికొచ్చినయి. నేనూ అలీ భాయ్ మెడలోతు నీళ్ళల్ల నిలవడి ఆ దుంగను గొడ్డళ్ళతోని ముక్కలు జేసి తీసినం. ఒకటిన్నర దినం. తిండి లేదు. ఇగో, అలీ భాయ్ ఏలు గప్పుడే పోయింది."

అలీ ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంది. చూపించబోయి, ఎందుకో చెయ్యి లుంగీ వెనక పెట్టుకున్నాడు.

మురహరి ఇంకా మొదటి నవ్వులోనే ఉన్నాడు. నిరుటి పుస్తకం తీసి, ఆగస్టు పేజీ వెతికి, వేలు పెట్టి చదివాడు. "'అంతా బాగున్నది. విమానం దిగినది.'" తలెత్తి అన్నాడు. "కథలు బాగా చెబుతారు పెద్దాయనా. కానీ కంపెనీకి నేను కథలు పంపలేను. రిజిస్టరులో ఉంటేనే పని. దీన్నిబట్టి చూస్తే ఈ రన్‌వేకు మనిషి అక్కర్లేదు."

మాటలో కోపం లేదు. కొడుకు వయసువాడు పెద్దవాడికి చెప్పవలసినంత మెత్తగానే చెప్పాడు. జీపెక్కి కొత్తగూడెం వెళ్ళిపోయాడు. మంగళవారం అక్కడేదో మీటింగుంది, బుధవారం మధ్యాహ్నం మళ్ళీ వస్తాడు.

అలీ కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. "ఎలుగుబంటి కథ ముందు జెప్తివి" అన్నాడు. "ఇగ దుంగను ఎవడు నమ్ముతడు?"

మంగళవారం తెల్లవారుజామున మంచి వాన పడింది. వాన వెలిసిన రన్‌వే మీద పని రెట్టింపు. గాలికి కొట్టుకొచ్చిన పుల్లలు, కంకర మీదినుంచి దొర్లిన రాళ్ళు, తూము మూతికి అడ్డంపడే టేకాకులు.

దేవ్లా చెప్పులు విప్పుతుంటే అలీ ఎదురొచ్చాడు. చేతిలో కొత్త రిజిస్టరు, చెవి మీద పెన్ను.

"దేవ్లన్నా, ఇయ్యాల ఏం ముట్టకు."

"ముట్టకుంటే?"

"నువ్వు సూసుకుంట నడువు. ఏమున్నయో జెప్పు, నేను లెక్కవెట్టుకుంట. మాపటికి అన్ని రాద్దం. రేపు సారు సూడనీ. సూసినంక ఆయన ముందల్నే జేద్దం. పనంటే ఏందో గప్పుడు సమజయితది."

"ఒక్క దినమేనా?"

"ఒక్కటే దినం. ఇమానం గూడ లేదు ఈ వారం."

దేవ్లా గాలి సంచి వంక చూశాడు. స్తంభం మీద ఆ ఎర్రతెల్ల గుడ్డ గొట్టం తడిసి వేలాడుతోంది. తర్వాత గోనెసంచి షెడ్డు కొక్కేనికి తగిలించి వచ్చాడు.

నూరు అడుగులు వెయ్యకముందే చెయ్యి కిందికి పోయింది. అలీ దగ్గాడు. దేవ్లా రాయిని మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. పెట్టడం కూడా మెల్లగా, నిద్రపోతున్న పిల్లను దించినట్టు. అక్కణ్ణుంచి రెండు చేతులూ వెనక కట్టుకుని నడిచాడు. తండాలో పెద్దమనుషులు పంచాయితీకి పోయేటప్పుడు అలా నడుస్తారు. అతనికి ఆ నడక అలవాటు లేక తూలింది.

"రాళ్ళు ఇరవై మూడు" అన్నాడు తిరిగి వచ్చేసరికి. "పగుళ్ళు కొత్తయి మూడు. గడ్డి అయిదు తావులల్ల. తూము మూతికి ఆకు. మూడో గీత పక్కన లోపల గుల్లయింది, రేపో మాపో లేస్తది. దాన్ని ఇయ్యాల గొట్టి తారు వోసుంటే పోయేది అలీ భాయ్."

"ఎల్లుండి వోద్దం తారు."

"రేపన్నవు."

"రేపే. సారు ముందల."

సాయంత్రం బల్ల ముందు కూర్చుని దేవ్లా రాశాడు. ఒకటి అని అంకె వేసి ఆగిపోయాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో అంకె వేసే అవసరం రాలేదు. అలీ పక్కన నిలబడి చెప్తుంటే పదకొండు దాకా రాశాడు. గుడ్లు పెట్టిన తీతువు సంగతి రాయాలా వద్దా అని ఇద్దరూ వాదించుకున్నారు. పిట్టలు విమానానికి చెరుపు కాబట్టి రాయాలన్నాడు అలీ. గూడు తీసేస్తారు కాబట్టి వద్దన్నాడు దేవ్లా. రాయలేదు. అడుగున అలవాటు చొప్పున 'అంతా' అని మొదలుపెట్టి, కొట్టేశాడు. ఆ కొట్టివేత కూడా ఆ పుస్తకాల్లో మొదటిదే.

ఇంట్లో భార్య రూప్లి పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. దేవ్లా ఇంటి ముందు బాట అంతా రన్‌వే రాళ్ళే. రోజూ సంచి తెచ్చి అక్కడ ఒంపితే, ఆమె కాలితో నెరిపి తొక్కుతుంది. వానకాలంలో తండా మొత్తంలో బురద లేని వాకిలి వాళ్ళదే. ఆమె రొట్టె తిప్పుతూ అతని భుజం వంక చూసింది.

"సంచి ఏది?"

"షెడ్డుల ఉంది."

"రాళ్ళు లేవా ఇయ్యాల?"

"ఉన్నయి. తేలే."

ఆమె అతని ముందు రొట్టె పెట్టి, నుదుటి మీద చెయ్యి ఆనించి చూసింది. ఒళ్ళు చల్లగానే ఉంది.

ఆ రాత్రి మళ్ళీ వాన పడింది.

బుధవారం మధ్యాహ్నం మురహరి వచ్చేసరికి, ఆకు అడ్డం పడిన తూము దగ్గర నీళ్ళు నిలిచి రన్‌వే మీదికి పాకాయి. మూడో గీత పక్కన గుల్లబారిన చోట తారు పొర ఉబ్బి, రెండు చేతులంత మేర అట్టులా లేచింది. దేవ్లా పొద్దుటినుంచీ ఆ అట్టు చుట్టూ తిరుగుతున్నాడు. అలీ పొయ్యి రాజేసి సగం డ్రమ్ములో తారు కాచి సిద్ధంగా పెట్టాడు. మూతి సన్నగా ఉండే పోతకెటిలు, ఇసుక, గునపం, చీపురు వరసగా పేర్చారు. సారు చూడగానే మొదలుపెట్టాలి.

మురహరి పదకొండు లైన్లూ చదివాడు. తర్వాత రిజిస్టరు చేత్తో పట్టుకుని బయల్దేరాడు. దేవ్లా ముందు నడిచి ఒక్కొక్కటీ చూపించాడు. చూపించేకొద్దీ ముఖం వికసించింది. పలక మీద పంతులు టిక్కు పెడుతుంటే నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళకు ఒకడు తన పనిని పని జరగకముందు చూస్తున్నాడు. మురహరి ప్రతిదానికీ ఫోటో తీశాడు. అట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు.

"ఇగ సూడు సారూ" అని దేవ్లా గునపం ఎత్తాడు.

"ముట్టుకోవద్దు."

గునపం గాల్లోనే ఆగింది.

షెడ్డులోకి వచ్చాక మురహరి రెండు పేజీలు పక్కపక్కన తెరిచి పెట్టాడు. "సోమవారం దాకా అంతా బాగుంది. నేను వచ్చింది సోమవారం. మంగళవారం పదకొండు లోపాలు. పైవాళ్ళు ఇది చూసి ఏమనుకుంటారు?"

"గియి రోజు ఉండేటియే సారూ. రోజు జేస్తం."

"నిన్న చెయ్యలేదేం?"

అలీ ముందుకొచ్చాడు. "జరం సార్. అన్నకు నిన్న మస్తు జరం. నిలవడనీకె గూడ గాలే. నేనొక్కన్నేం జేస్త?"

మురహరి ఆ మాట పట్టుకున్నాడు. పట్టుకోవాలనే అతనికీ ఉన్నట్టుంది. కాగితం తీసుకుని, పెన్ను తెరిచి, దేవ్లా ముఖంలోకి చూశాడు. "జ్వరమా పెద్దాయనా? అయితే అదే రాస్తాను. ఒక్కరోజు మనిషి లేకపోతే రన్‌వే ఇలా అయిందని రాస్తాను. అప్పుడు మీరిద్దరూ అవసరమనే కదా."

ఒక్క 'అవ్' చాలు. ఎలుగుబంటి చెవి పట్టుకుని నడిపించిన నోరు అది. సీతమ్మ చీరను ముప్పై మైళ్ళు ఎగరేసిన నోరు. అలీ అతని మోచేతిని వెనకనుంచి పొడిచాడు.

దేవ్లా బల్ల మీది పుస్తకం వంక చూశాడు. బయట కబుర్లు వేరు. ఆ పుస్తకం ముందు నిలబడి లేనిది ఉందని అతనెన్నడూ అనలేదు.

"జరం లేదు సారూ. మీరు సూడాల్నని ఇడిసిపెట్టిన."

పెన్ను మూత పెట్టిన చప్పుడు వినబడింది.

"అంటే కావాలని వదిలేశారు."

"ఒక్క దినం."

"ఒక్కరోజైనా అంతే." మురహరి పుస్తకాలు మూశాడు. "ఈ మాట నేను విన్నాక రాయకుండా ఉండలేను. నిర్లక్ష్యం అని రాస్తాను. కావాలని చేశారని రాస్తే పోలీసుల దాకా పోతుంది. అది రాయను. అంతకంటే నేను చేయగలిగింది లేదు."

"తూము ఒక్కటి తీసి పోతం సారూ" అన్నాడు దేవ్లా. "నీళ్ళు నిలిస్తే ఇంకా లేస్తది."

"ఏదీ ముట్టుకోకండి. ఇక ఈ పని చేసే కాంట్రాక్టు మనుషులు ఉన్నది ఉన్నట్టు చూడాలి. రేపు వచ్చి సామాను అప్పజెప్పండి."

జీపు పోయాక అలీ పొయ్యిలో నీళ్ళు పోశాడు. డ్రమ్ములో కాగిన తారు మెల్లగా గడ్డకట్టింది.

"ఒక్క జరం" అన్నాడు అలీ. గొంతు పెంచలేదు. "ఊరందరికి ఎన్ని జెప్పినవే దేవ్లన్నా. నా కోసమన్నా ఒక్క జరం జెప్పకపోతివి."

అలీ సగం వేలున్న చేత్తో మొహం తుడుచుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం అలీ రాలేదు. తన బ్రష్షులు, గీతలు కొట్టే దారం పొద్దున్నే గేటు దగ్గర పెట్టి పోయాడట. గేటు కొత్తది. నిన్న సాయంత్రం పాతిన ఇనుప స్తంభాలకు ఇంకా ఎర్రరంగు పచ్చిగానే ఉంది. దాని ముందు నీలం చొక్కా వేసుకున్న సెక్యూరిటీ మనిషి, నలభై దాటినవాడు. నేలకొండపల్లి నుంచి వచ్చిన కోటేష్. పేరు రాసుకుని దేవ్లాను లోపలికి వదిలాడు.

షెడ్డు రన్‌వేకు అవతలి పక్క ఉంది. దేవ్లా అలవాటుగా చెప్పులు విప్పి దాటాడు. షెడ్డులో కాంట్రాక్టు గుమస్తా సామాను రాసుకున్నాడు. గునపం ఒకటి, పోతకెటిలు ఒకటి, కొడవలి ఒకటి, రిజిస్టర్లు. గోనెసంచి వంక చూసి, ఇది చిరిగిందిగా, నువ్వే తీసుకుపో అన్నాడు.

తిరిగి వస్తూ దేవ్లా అట్టు దగ్గర ఆగాడు. ఇప్పుడది నాలుగు చేతులంత అయింది. అంచులు చిట్లి తారు ముక్కలు చుట్టూ పడ్డాయి. తీతువు అరుస్తూ నెత్తి మీద ఒక చుట్టు తిరిగి, మనిషిని గుర్తుపట్టిందో ఏమో, ఊరుకుంది. అతను చెప్పులు తొడుక్కుని గేటు దగ్గరికి వచ్చాడు.

"సంచి సూపెట్టు పెద్దన్నా" అన్నాడు కోటేష్. "ఏమనుకోకు. పోయేటోళ్ళ సంచులు సూడాల్నని ఆర్డరు."

"ఖాళీదే."

కోటేష్ సంచి తలకిందులు చేసి దులిపాడు. రాళ్ళు పడ్డాయి. గులకరాళ్ళు నాలుగు, కంకర ముక్కలు రెండు, తారు అంటిన పెచ్చులు మూడు. దేవ్లా వాటి వంక వింతగా చూశాడు. ఎప్పుడు వంగాడో, ఎప్పుడు ఏరాడో అతనికే తెలియదు.

"ఏందియి?" అన్నాడు కోటేష్, ఒకటి ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తూ. "బంగారం గింగారం ఉన్నదా ఏంది ఇందుల?"

మరో రోజయితే ఆ ప్రశ్నకు గోల్కొండ దాకా పోయే జవాబు ఉండేది. కోటేష్ వినడానికి సిద్ధంగా, సగం నవ్వుతో నిలబడ్డాడు కూడా. దేవ్లా నోట్లో ఏ కథా కదల్లేదు.

"రాళ్ళు" అన్నాడు.

"రాళ్ళయినా సరే పెద్దన్నా, లోపలియి బయటికి పోనియ్యొద్దన్నరు. నా కొలువు గూడ కొత్తది."

కోటేష్ రాళ్ళన్నీ దోసిట్లోకి ఎత్తుకున్నాడు. గేటు దగ్గర ఎవరి కాళ్ళకూ తగలకుండా ఉండాలని జాగ్రత్తగా రెండడుగులు లోపలికి నడిచి, బలంకొద్దీ విసిరాడు. అవి గడ్డి దాటి, కంకర దాటి, తారు మీద టకటకమని పడి చెదిరిపోయాయి.

ఖాళీ సంచి మడిచి దేవ్లా చేతికిచ్చి, గేటు మూశాడు.

దేవ్లా ఇనుప కమ్మీల మధ్యనుంచి చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిది అక్కడక్కడే ఆగాయి. ఒక్క గులకరాయి మాత్రం దొర్లుకుంటూ పోయి, విమానం ముందుచక్రం నడిచే నడిమి తెల్లగీత మీద ఆగింది. అది ఎక్కడుందో అతనికి స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇంకేమన్న మర్సిపోయినవా పెద్దన్నా?" అన్నాడు కోటేష్.